రెండో కప్పు తిన్నావిడ

మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ల గ్రూపులో ఓ మే నెల పొద్దున మెసేజ్ పడింది. ఆదివారం సాయంత్రం డాబా మీద పార్టీ, థీమ్ 'ట్రాపికల్', అందరూ ఆకుపచ్చా పసుపూ బట్టల్లో రావాలి, ఇంటికో వంటకం తేవాలి. కింద వరసగా కొబ్బరిచెట్టు బొమ్మలు. పెట్టింది మా సెక్రటరీ గారు. ఆవిడ సెక్రటరీ అయ్యాక మా ఇళ్లల్లో పేరంటాలు తగ్గిపోయి థీములు మొదలయ్యాయి. అంతకు ముందు చలికాలంలో మంచు థీమ్ అని పెట్టి డాబా అంతా దూది చల్లించింది. ఆ దూది వాననీటి గొట్టాల్లోంచి శివరాత్రి దాకా వస్తూనే ఉంది.

ట్రాపికల్ అంటే ఏంటని ఒకరిద్దరు అడిగారు. దానికి ఆవిడ తన గొంతుతోనే రికార్డు చేసి పంపింది. "అంటే వేడి దేశాల్లో ఉంటాయి కదండీ, కొబ్బరిచెట్లు, నీళ్లు, మామిడిపళ్లు, అనాసపళ్లు, అలా అన్నమాట. మనం అక్కడికి వెళ్లినట్టు ఫీలవ్వాలండి." ఈ మాటలు నేను రాజమండ్రిలో, కరెంటు పోయిన పూట, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ విన్నాను. కిటికీలోంచి చూస్తే గోదావరి, గట్టు పొడుగునా కొబ్బరిచెట్లు. మంచం కింద గడ్డిలో రసాలు మగ్గుతున్నాయి. ఇంకా ఎక్కడికి వెళ్లాలో నాకు అర్థం కాలేదు.

ఎవరేం వండాలో కూడా సెక్రటరీ గారే పంచింది. నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. "మీరు సైన్సు టీచరు కదండీ, కొలతలు బాగా వస్తాయి. పొరలు పొరలుగా ఉండే డెసర్టు మీకు ఇచ్చేస్తున్నాం" అంది. ఇన్నేళ్లలో నేను కొలిచి వండిన వంట ఒక్కటీ లేదు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. మా వైపు కాదనడం రాదు మాకు. పిల్ల పెళ్లి సంబంధం ఇష్టం లేకపోయినా ముందు కాఫీ ఇచ్చి, టిఫిను పెట్టి, వీధి చివరి దాకా సాగనంపి, తర్వాత నెల రోజులు ఫోనెత్తకుండా ఊరుకుంటాం.

నిజానికి నేను ఒప్పుకోవడానికి కారణం వేరే ఉంది. మా ఎదురు ఫ్లాట్ ఆవిడ ఆర్నెల్లుగా నాతో మాట్లాడటం లేదు. ఆ పార్టీకి ఆవిడా వస్తుంది. నా చేతి వంట తింటుంది. తిన్నాక ఏదో ఒక మాట అనక తప్పదు కదా అని నా ఆశ. ఒక్క మాటంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను అనుకున్నాను.

మాటలు ఎలా ఆగాయో చెప్పాలి. ఇద్దరం ఒకే ఏడు ఈ అపార్ట్‌మెంటులోకి వచ్చాం, ఇద్దరికీ యాభై దగ్గర పడుతున్నాయి. పదకొండేళ్లు ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ మధ్య తోడు పెరుగూ కరివేపాకూ కాఫీ పొడీ తిరుగుతూనే ఉండేవి. సాయంత్రం గట్టు మీద నడక కూడా ఇద్దరిదీ కలిపే. పోయిన కార్తీకంలో అందరం వనభోజనాలకు వెళ్లాం. ఆవిడ పనసపొట్టు కూర చేసుకొచ్చింది, ఆవ పెట్టి. అందరూ "అబ్బ, ఏం కుదిరిందండీ" అంటున్నారు. ఆవిడ వాళ్లందరినీ వదిలేసి నా ఆకు దగ్గరకొచ్చి అడిగింది.

"మీరు చెప్పండి, ఎలా ఉంది?"

నాకు నోరు కాస్త దురుసు. ఇరవై మూడేళ్లుగా ఎర్ర పెన్నుతో బతుకుతున్నాను, తప్పు కనబడితే చెయ్యి ఆగదు. "ఉప్పెక్కువైందండి. ఆవ చేదెక్కింది" అన్నాను. చుట్టూ ఉన్న పాతికమందీ ఒక్కసారి నమలడం ఆపేశారు. ఆవిడ కూర గిన్నె మీద మూత పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఎదురు తలుపు తీయడమే మానేసింది. నేను లిఫ్టు దగ్గరుంటే ఆవిడ మెట్లు దిగేది, మోకాళ్ల నొప్పులతో.

నాకూ పంతం వచ్చింది. అడిగితేనే కదా చెప్పాను? అబద్ధం చెప్పిన పాతికమందితో నవ్వుతూ మాట్లాడుతుంది, నిజం చెప్పిన నాతో మానేసిందేమిటి? ఇలా మూడు నెలలు గడిచాయి. తర్వాత పంతం ఎటో పోయింది. ఆవిడ లేక నాకు తోచడం లేదు. గట్టు మీద ఒక్కదాన్నే నడుస్తుంటే చెప్పుల చప్పుడు వినిపించేది, అంతకు ముందు ఎప్పుడూ వినిపించలేదు. తోడు పెరుగు కోసం పాల దుకాణం నుంచి ప్యాకెట్టు కొనుక్కున్న రోజు మాత్రం ఏడుపొచ్చింది.

సరే, డెసర్టు. వీడియో ఒకటి దొరికింది. ఎక్కడో చలిదేశంలో ఉంటున్న మన తెలుగావిడే, మెడ దాకా స్వెట్టరు వేసుకుని చెబుతోంది. గాజు గిన్నెలో అడుగున కేకు, దాని మీద అనాస ముక్కలు, ఆ పైన పాల క్రీమూ కొబ్బరిపాలూ కలిపి గిలక్కొట్టినది, ఆ పైన మామిడి గుజ్జు, మళ్లీ కేకు. ఒక చెంచాడు రమ్ము. అనాస డబ్బాలోది, కొబ్బరిపాలు డబ్బాలోవి, మామిడి గుజ్జు కూడా డబ్బాలోదే. ఒక్కో డబ్బా కత్తితో కోస్తూ "ట్రాపికల్ ఫ్లేవర్ అంతా ఇందులోనే ఉందండీ" అంటోంది. మా వీధిలో తోపుడుబండి మీద మన్యం అనాసలు కుప్ప పోసి అమ్ముతుంటే నేను డబ్బా కొనాలా! అన్నం తినేటప్పుడు కూడా అదే తిట్టుకుంటూ కూర్చున్నాను. గోదావరి పక్కన పుట్టి డబ్బాలో అనాస తింటే మా అమ్మ ఆత్మ శాంతిస్తుందా?

మా వారు నీటిపారుదల ఆఫీసులో పనిచేస్తారు. ఇంట్లో వంట సంగతి ఆయనకెప్పుడూ పట్టదు. రమ్ము అన్న మాట మాత్రం పక్క గదిలోంచి వినిపించింది.

"యానాం వెళ్లొస్తాను, రమ్ము అక్కడే చవక" అన్నారు చొక్కా తొడుక్కుంటూ.

"ఒక్క చెంచాడు కోసమా?"

"రెసిపీ అన్నాక రెసిపీ లాగే చెయ్యాలి కదా. నువ్వే అంటుంటావు పిల్లలకి, ప్రయోగంలో ఒక్క పదార్థం కూడా వదలకూడదని."

ఇరవై ఆరేళ్ల కాపురంలో నా పాఠం ఆయన విన్నట్టు తెలియడం అదే మొదలు. శనివారం పొద్దున ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్లి, వంట కోసం పడ్డ శ్రమంతా మొహంలో కనిపించేలా సాయంత్రానికి తిరిగొచ్చారు. దేవుడికి పెట్టే గిన్నెలో ఆ చెంచాడు నేను వెయ్యనన్నాను. మరి తెచ్చింది ఏం చేస్తారంటే, పారబోయడం పాపమన్నారు. ఆ పాపం తగలకుండా స్నేహితులు ముగ్గురూ చూసుకున్నారు.

దేవుడి మాట వచ్చింది కనుక ఇంకోటి చెప్పాలి. మా ఇంట్లో వంట రుచి చూడకుండా చేస్తాం. మాది కోనసీమలో పల్లెటూరు. మా అమ్మ ఉడుకుతున్న పులుసు మీద మొహం పెట్టి, ఆవిరి పీల్చి, "ఉప్పు రవ్వంత తక్కువ" అనేది. ఎప్పుడూ తప్పలేదు. నైవేద్యం కాకుండా నాలిక మీద పెడితే ఎంగిలి. నాకూ ఆ అలవాటే వచ్చింది, కాస్త గర్వం కూడా వచ్చింది. టీవీలో వంటవాళ్లు గరిటె నాకడం చూస్తే ఛానెల్ మార్చేస్తాను.

శనివారం సాయంత్రం మొదలుపెట్టాను. గుడ్డు లేని కేకు నేనే చేశాను. కొబ్బరికాయలు మూడు కొట్టి, తురిమి, పాలు పిండాను. రసాలు పిసికి గుజ్జు తీసి, పీచు లేకుండా గుడ్డలో వడగట్టాను. రెండు అనాసలు చెక్కి, కళ్లు తీసి, సన్నగా ముక్కలు కోశాను. వేళ్లు మండాయి. మండుతున్నాయంటే పండు అంత తాజాగా ఉందని సంతోషించాను. గాజు గిన్నెలో పొరలు పడుతుంటే ఎంత అందంగా ఉందో! పసుపు, తెలుపు, నారింజ రంగు, మళ్లీ పసుపు. ఎదురింటావిడకు పసుపు రంగంటే ఇష్టం, పైన అనాస ముక్కల్ని పువ్వులా పేర్చాను. వాసన చూశాను. మా అమ్మ చూసినట్టే, కళ్లు మూసుకుని. దివ్యంగా ఉంది. ఫ్రిజ్‌లో పెట్టేశాను.

ఆదివారం పొద్దున చిన్న వెండి గిన్నెలోకి కొంచెం తీసి దేవుడికి పెట్టాను. క్రీము కాస్త జారుగా అనిపించింది, కొబ్బరిపాల వల్ల అనుకున్నాను. ఆ ప్రసాదం మొత్తం మా వారికే ఇచ్చాను, నేనెలాగూ సాయంత్రం తింటాను కదా అని. ఆయన నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, మింగారు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

ఆయన పెళ్లయిన నాటి నుంచీ అన్నిటికీ 'బాగుంది' అనే అంటారు. నేను గమనించాల్సింది ఆ ఆగడాన్ని. గమనించలేదు.

సాయంత్రం డాబా మీదకి వెళ్లేసరికి అక్కడ నాలుగు ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు నిలబెట్టి ఉన్నాయి. విశాఖపట్నం నుంచి వ్యానులో తెప్పించారట. వాటి వెనక, పిట్టగోడ అవతల, నిజం కొబ్బరిచెట్లు పది పదిహేను గాలికి ఊగుతున్నాయి. ఫొటోల్లో అవి పడుతున్నాయని సెక్రటరీ గారు అటువైపు ఒక నీలం పరదా కట్టించింది. పరదా మీద సముద్రం, అందులో కొబ్బరిచెట్లు. అందరి మెడల్లోనూ ప్లాస్టిక్ పూలదండలు. కొందరు పట్టుచీరల మీద ఆకుపచ్చ రిబ్బన్ల లంగాలు కట్టుకున్నారు. మా పై అంతస్తు పెద్దావిడ, డెబ్బై ఏళ్లుంటాయి, ఆ లంగా కట్టుకుని వచ్చి, "ఇది తీసేసి కూర్చోవచ్చాండీ, గుచ్చుకుంటోంది" అని అందర్నీ అడుగుతోంది.

ఎదురింటావిడ పసుపు చీరలో వచ్చింది. నన్ను చూసి తల తిప్పుకుంది. పదో తరగతి పరీక్ష రాసినప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

నా గిన్నె మీద పడ్డారు అందరూ, ముందు ఫొటోలకి. తర్వాత నేను గరిటె పట్టుకుని ఒక్కొక్కరికీ కప్పుల్లో వడ్డించాను. వండినవాళ్లే వడ్డించాలి, వడ్డించినవాళ్లు ఆఖర్న తినాలి, అదీ మా పద్ధతి. "అబ్బ, సూపరండీ!" "ఏం చేశారండీ, హోటల్లో కూడా ఇలా ఉండదు." "ఇందులో ఏదో స్పెషల్ వేశారు, చెప్పరేంటండీ!" సెక్రటరీ గారైతే ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా వంట తిని కన్నీళ్లు పెట్టుకున్న మొదటి మనిషి ఆవిడే అని నేను పొంగిపోయాను. "వచ్చే నెల మా అమ్మాయి సీమంతానికి మీరే చెయ్యాలండి. నూటయాభై మంది" అంది గొంతు సవరించుకుని. "ఆయ్, తప్పకుండానండి" అన్నాను.

ఎదురింటావిడ వరసలో వచ్చింది. కప్పు చాపింది. వేశాను. ఆవిడ వెళ్లి ఒక మూల కుర్చీలో కూర్చుని, చెంచా తర్వాత చెంచా, మొత్తం తినేసింది. తర్వాత లేచింది. ఇంటికి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. తిన్నగా నా దగ్గరకొచ్చి మళ్లీ కప్పు చాపింది. రెండోసారి అడిగింది ఆవిడ ఒక్కతే. నిండా వేశాను. అది కూడా తినేసి, కప్పు బుట్టలో పడేసి, ఒక్క మాట లేకుండా కిందికి దిగిపోయింది. నాకు కోపం రాలేదు. రెండు కప్పులు తింది, మాటదేముంది, అదే వస్తుందిలే అనుకున్నాను.

అందరూ వెళ్లాక గిన్నె సర్దుకుంటూ, ఇక నా వంతని ఒక చెంచాడు నోట్లో పెట్టుకున్నాను.

వేపాకు నమిలినట్టు చేదు. మామూలు చేదు కాదు, మింగాక కూడా నాలిక వెనకాల కూర్చునే చేదు. నీళ్లు తాగాను, పోలేదు. అప్పుడు చుట్టూ చూశాను. ప్లాస్టిక్ కొబ్బరిచెట్ల మొదళ్లలో కప్పులు. నీలం పరదా వెనక కప్పులు. పూలకుండీల్లో మట్టి కప్పేసిన కప్పులు. అన్నిట్లోనూ ఒక చెంచా లోతు గుంట, మిగతాదంతా అలాగే ఉంది. 'హోటల్లో కూడా ఇలా ఉండదు' అన్నావిడ కప్పు తులసికోట వెనక దొరికింది.

అక్కడే ప్లాస్టిక్ చెట్టు కింద కూలబడ్డాను. కారణం వెతుక్కోనక్కర్లేదు, అది నా పాఠమే. పచ్చి అనాసలో మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైము ఉంటుంది. నా వేళ్లు మండింది అందుకే. పాల క్రీములో మాంసకృత్తులు ఉంటాయి. రెండింటినీ కలిపి ఒక రాత్రంతా ఉంచితే చేదెక్కకేం చేస్తుంది? ఉడికిస్తే ఎంజైము చచ్చిపోతుంది. డబ్బాలో పెట్టేటప్పుడు అనాసని ఉడికిస్తారు. ఆ స్వెట్టరావిడ డబ్బా కొయ్యడం తెలియనితనం కాదు, తెలియనితనం నాది. ఏటా పదో తరగతి పిల్లల చేత 'వేడికి ఎంజైములు నశించును' అని వల్లె వేయించేది నేనే. ఇక వాసన చూసి ఉప్పు చెప్పొచ్చు గానీ చేదు చెప్పలేం. మా అమ్మ పులుసులో అనాస ఎప్పుడూ వెయ్యలేదు.

ఇంటికొచ్చి మా వారిని నిలదీశాను.

"ప్రసాదానికి వంక పెట్టకూడదు కదా" అన్నారు.

వండేటప్పుడు నేను రుచి చూడను. ప్రసాదానికి ఆయన వంక పెట్టరు. వచ్చినవాళ్లు మర్యాద తప్పరు. వడ్డించిన నేను ఆఖర్న గానీ తినను. ఇంత పద్ధతిగా బతుకుతున్నాం కనుక ఆ గిన్నె సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకే. కార్తీకంలో నేను అందరి ముందూ ఒకర్ని చేదని అన్నాను. ఇప్పుడు నాకా మాట చెప్పే మనిషి ఈ అపార్ట్‌మెంటులో లేదు, ఉన్న ఒక్కదాన్నీ నేనే పోగొట్టుకున్నాను. అది తలుచుకుంటే ఆ చేదు కంటే ఎక్కువ బాధేసింది.

మర్నాడు పొద్దున బెల్లు మోగింది. తలుపు తీస్తే ఎదురింటావిడ.

"చేదుగా ఉందండి నిన్నటిది" అంది.

ఆర్నెల్ల తర్వాత మొదటి మాట.

"తెలుసండి" అన్నాను. "తర్వాత తిన్నాను."

"మందు కూడా అంత చేదుండదు. సీమంతానికి చేస్తానని ఒప్పుకున్నారట, నిజమేనా? ముందు ఆవిడకి ఫోన్ చేసి కుదరదని చెప్పండి. కడుపుతో ఉన్న పిల్ల."

"చెప్తానండి. మరి మీరు రెండు కప్పులెందుకు తిన్నారండీ?"

ఆవిడ గుమ్మం చెక్కకి ఆనుకుంది.

"అందరూ చెట్ల వెనక పడేస్తున్నారు. మీరేమో గరిటె పట్టుకుని, ఎవరైనా మళ్లీ వస్తారేమో అని చూస్తున్నారు. నాకు చూడబుద్ధి కాలేదండి. అందుకే వచ్చాను."

ఆ రోజు ఉప్పెక్కువైందని అన్నందుకు క్షమించమని ఎలాగో అన్నాను.

"ఉప్పెక్కువైందన్నందుకు కాదండి నాకు కోపం. నిజంగానే ఎక్కువైంది, నాకు తెలీదా? మీరు ఆ మాట అనేసి కూరంతా ఆకు చివరికి నెట్టేశారు. ఒక్క ముద్ద తిన్నారంతే. తెల్లవారుజామున లేచి ఆ ఆవ నూరింది మీ కోసమండి, మీకిష్టమని."

ఆ ఆకు నాకు అప్పుడు గుర్తొచ్చింది. చివర కూర కుప్ప, ఈగలు. ఆర్నెల్లు నేను నా నిజాన్నే తలుచుకుంటూ కూర్చున్నాను గానీ ఆకుని ఒక్కసారి కూడా తలుచుకోలేదు. గుమ్మంలోనే ఏడ్చేశాను. ఆవిడ, "చాల్లెండి, పాలు పొంగుతున్నాయి" అని లోపలికి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం, సీజను అయిపోవచ్చినా ఎక్కడ దొరికిందో, ఒక గిన్నెడు పనసపొట్టు కూర పంపింది. ఆవ ఘాటు కుదిరింది. ఉప్పు మాత్రం మళ్లీ ఎక్కువే. అన్నంలో కలుపుకుని, మా వారికి కూడా మిగల్చకుండా, గిన్నె అడుగు వరకూ తిన్నాను. రెండు చెంబుల నీళ్లు తాగాను. గిన్నె కడిగి, తుడిచి, పట్టుకెళ్లి ఆవిడ చేతికిచ్చాను.

"ఎలా ఉంది?" అంది.

"ఉప్పెక్కువైందండి" అన్నాను.

ఆవిడ ఖాళీ గిన్నె వంక చూసి, "రండి, గట్టుకి వెళ్దాం" అంది.